కౌంటీ కోర్టు కవరు ఇంటికొస్తే: సంతకానికి ముందు చూడాల్సినవి

విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఉన్న ఇంటికి అమెరికా నుంచి మందపాటి కవరొకటి వస్తుంది. లోపల పాతిక, ముప్పై పేజీలు. పైన సుపీరియర్ కోర్ట్ ఆఫ్ కాలిఫోర్నియా, కింద కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు, అల్లుడి పేరు, అమ్మాయి పేరు. ఇంట్లోవాళ్లు ముందు చేసే పని అన్ని పేజీలూ ఫొటోలు తీసి తెలిసిన ప్లీడరు గారికి వాట్సాప్ చేయడం. రెండో పని, కవర్లో "సంతకం చేసి తిప్పి పంపండి" అన్న కాగితం ఏదుంటే దాని మీద సంతకం పెట్టి పంపేయడం. మొదటిది మంచిదే. రెండోది మాత్రం కొంప ముంచుతుంది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ సంతకమే.

ఉదాహరణకి కాలిఫోర్నియా తీసుకుంటున్నాను. మనవాళ్లు అక్కడ ఎక్కువ. పైగా 58 కౌంటీలకి 58 సుపీరియర్ కోర్టులున్నా ముఖ్యమైన ఫారాలు రాష్ట్రమంతా ఒకటే. శాంటా క్లారా అయినా అలమీడా అయినా ఎఫ్ఎల్-100 అంటే విడాకుల పిటిషనే. భర్త అక్కడ, భార్య విజయవాడలో, పెళ్లి హిందూ వివాహ చట్టం కింద జరిగింది అనుకుని రాస్తున్నాను. మనుషుల్ని అటూ ఇటూ మార్చినా కాగితాలు మారవు.

కవర్లో ఏమున్నాయి

ప్రతి ఫారానికీ కింది మూలన చిన్న అక్షరాల్లో నంబరుంటుంది. పేజీలు చదివే ముందు ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఎఫ్ఎల్-100 పిటిషన్. ఎఫ్ఎల్-110 సమన్లు. ఎఫ్ఎల్-120 మీరు జవాబివ్వడానికి పెట్టిన ఖాళీ ఫారం, దాన్ని పెట్టకుండా పంపకూడదు. పిల్లలుంటే ఎఫ్ఎల్-105, అంటే గత అయిదేళ్లలో పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పే డిక్లరేషన్.

పిటిషన్ మొదటి పేజీలో కుడివైపు పైగడిలో కోర్టు ముద్ర, దాఖలైన తేదీ ఉంటాయి. ముద్ర లేకపోతే అది ఇంకా కోర్టుకి వెళ్లని కాగితం. తేదీ చదివేటప్పుడు జాగ్రత్త, అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 03/04/2025 అంటే మనకి ఏప్రిల్ 3, వాళ్లకి మార్చి 4. ముప్పై రోజుల గడువుల్లో ఈ ఒక్క పొరపాటు నెలరోజులు మింగేస్తుంది.

సమన్లు రెండో పేజీని ఎవరూ చదవరు. చదవాలి. పిల్లల్ని రెండోవారి లిఖితపూర్వక అంగీకారం లేదా కోర్టు ఉత్తర్వు లేకుండా రాష్ట్రం దాటించకూడదు, వాళ్లకి కొత్త పాస్‌పోర్టుకి దరఖాస్తు చేయకూడదు, ఇన్సూరెన్సు రద్దు చేయకూడదు, ఆస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అని ఆంక్షలుంటాయి. పిటిషన్ వేసినవారికి వేసిన రోజు నుంచి, అవతలివారికి సమన్లు అందిన రోజు నుంచి అవి వర్తిస్తాయి.

కేసు నిజంగా ఉందో లేదో ఆ కౌంటీ కోర్టు వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టి చూడొచ్చు. ఏ రోజు ఏ కాగితం దాఖలైందో జాబితా కనపడుతుంది. కాగితాలు మాత్రం తెరుచుకోవు. కుటుంబ కేసుల్లో దస్త్రాలు బయటివాళ్లకి ఇంటి నుంచి చూపించరు, కోర్టు భవనంలో కంప్యూటర్ దగ్గరే చూడాలి. నంబరు లేక పేరుతో వెతికితే మన పేర్లు ఒక పట్టాన దొరకవు. మన ఇంటిపేరు వాళ్ల లాస్ట్ నేమ్ గడిలో ఉండొచ్చు, సొంత పేరే అక్కడ ఉండొచ్చు. పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా రాయించుకున్నవాళ్లకి వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యు (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, కేసు కూడా ఒక్కోసారి ఆ పేరుతోనే ఉంటుంది. మూడు రకాలుగానూ వెతకండి.

ఎవరు తెచ్చిచ్చారు?

విదేశీ కోర్టు సమన్లు మన దేశంలో ఇవ్వడానికి ఒక దారి ఉంది. కోర్టు కాగితాలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అందించే హేగ్ సర్వీస్ ఒప్పందం మనకి 2007 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా నుంచి కాగితాలు ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖకి వస్తాయి, అక్కణ్నుంచి జిల్లా కోర్టుకి, అక్కణ్నుంచి కోర్టు నోటీసులు అందించే అమీనా చేతికి, ఆయన మీ గుమ్మం ముందుకి. నేరుగా పోస్టులో పంపే పద్ధతికి భారతదేశం ఒప్పందంలో చేరేటప్పుడే అభ్యంతరం చెప్పింది. కాబట్టి కొరియర్లో వచ్చిన కవరు, ఈమెయిల్లో వచ్చిన పీడీఎఫ్, వాట్సాప్ ఫొటో, ఇవేవీ సరైన సర్వీసు (చట్టప్రకారం కాగితాలు అందించడం) కావు.

ఇది అవతలివైపు లాయర్లకి మనకన్నా బాగా తెలుసు. ఢిల్లీ దారిలో నెలలు పడుతుంది. అందుకే కవర్లో ఎఫ్ఎల్-117 పెడతారు. "కాగితాలు ముట్టాయి" అన్న అంగీకార పత్రం. చూడ్డానికి కొరియర్ రసీదులా ఉంటుంది. దాని మీద తేదీ వేసి సంతకం పెట్టిన రోజే సమన్లు చట్టప్రకారం అందినట్టు లెక్క. అప్పటిదాకా లేని గడువు ఆ క్షణంలో మొదలవుతుంది.

దీనికి అన్న లాంటిది ఎఫ్ఎల్-130. కోర్టు ముందు హాజరైనట్టు ఒప్పుకోవడం, కొన్ని హక్కులు వదులుకోవడం అందులో గళ్లుగా ఉంటాయి. "గొడవలెందుకత్తయ్యా, ఊరికే ఫార్మాలిటీ" అని ఫోన్లో అడిగి పెట్టించుకునే సంతకం ఇదే. అల్లుడు గారు అడిగారు కదా, కాదంటే బాగుండదు అన్న మర్యాద ఇక్కడ పనికిరాదు. ఆ సంతకంతో కాలిఫోర్నియా కోర్టుకి మీ మీద అధికారం వస్తుంది. మన సుప్రీంకోర్టు లెక్కలో అదెంత బరువైన విషయమో కింద చెబుతాను.

అలాగని వచ్చినదాన్ని చించి పారేయకండి. కవరు, దాని మీద ట్రాకింగ్ నంబరు, వచ్చిన తేదీ భద్రపరచండి. కోర్టు అమీనా వచ్చినప్పుడు తలుపు వేసుకోవడం ఇంకా తప్పు. తీసుకోనన్నారని రాసి తలుపుకి అంటించి వెళ్తే మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం అందినట్టే అయ్యే అవకాశం ఉంది. సమన్లు తీసుకున్నట్టు అమీనాకి సంతకం చేయడం వేరు, ఎఫ్ఎల్-130 మీద సంతకం వేరు. మొదటిదానివల్ల మీరు దేనికీ ఒప్పుకున్నట్టు కాదు.

సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు. ఆదివారాలూ సెలవులూ కలిపే లెక్క. ఆఖరి రోజు కోర్టు సెలవైతే మరుసటి పనిదినం. జవాబు లేకపోతే అవతలివారు ఎఫ్ఎల్-165 వేసి ఏకపక్షంగా నడిపించుకుంటారు. ఎంత తొందరగా నడిపినా సమన్లు అందాక ఆరు నెలలు దాటకుండా పెళ్లి రద్దు కాదు.

జవాబు ఇవ్వాలా, వద్దా

ఫారం ఎలా నింపాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. అసలు నింపాలా అన్నది దానికన్నా ముందు ప్రశ్న.

1991 జులై 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. (1991) 3 ఎస్.సి.సి. 451 అంటే ఏ ప్లీడరైనా తీసిస్తారు. మన తెలుగువాళ్ల కేసే. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకులు తెచ్చుకుని ఇక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. కౌంటీ కోర్టు డిక్రీ కాపీ చూపించి బయటపడదామనుకున్నాడు. ఆ కాపీ మీద క్లర్కు ధ్రువీకరణ ఉన్నా, అప్పటి సాక్ష్య చట్టం 86వ సెక్షన్ అడిగే భారత ప్రభుత్వ ప్రతినిధి సర్టిఫికెట్ లేదు. అది సాక్ష్యంగా చెల్లదంది కోర్టు. అంతటితో ఆగకుండా, ఏ విదేశీ విడాకులు ఇక్కడ చెల్లుతాయో కూడా తేల్చింది.

పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణంతో ఇచ్చిన తీర్పే చెల్లుతుంది. దీనికి మూడు మినహాయింపులు. అవతలిపక్షం శాశ్వతంగా నివసించే చోట కేసు వేసి, కారణం కూడా మన చట్టంలో ఉన్నదైతే ఒకటి. అవతలిపక్షం తనంతట తాను ఆ కోర్టుకి లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీద పోరాడితే రెండు. విడాకులకి అవతలిపక్షం ఒప్పుకుంటే మూడు.

ఇప్పుడు కాలిఫోర్నియా ఎఫ్ఎల్-100 లో కారణం గడి చూడండి. దాదాపు ప్రతి పిటిషన్లోనూ టిక్కు పడేది "సర్దుకోలేని విభేదాలు" దగ్గరే. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఆ కారణం లేదు. అంటే విజయవాడలో కూర్చున్న భార్య ఒప్పుకోకుండా వచ్చిన ఆ డిక్రీ కాలిఫోర్నియాలో పూర్తిగా చెల్లుతుంది, కృష్ణానది ఒడ్డున మాత్రం చెల్లదు. అక్కడ ఒంటరి, ఇక్కడ పెళ్లయినవాడు. ఆ డిక్రీ నమ్ముకుని గుంటూరులో ముహూర్తం పెట్టుకుంటే పైన చెప్పిన కేసే మళ్లీ మొదలు.

మీకూ విడాకులే కావాలంటే లిఖితపూర్వకంగా ఒప్పుకోవచ్చు. కానీ నా సలహా, అంత ఒప్పందమే ఉంటే విజయవాడ ఫ్యామిలీ కోర్టులోనే హిందూ వివాహ చట్టం 13-బి కింద పరస్పర అంగీకార పిటిషన్ వేసుకోండి. మొదటి, రెండో మోషన్ల మధ్య ఆరు నెలల ఆగుడును తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి డిక్రీ చేతిలో ఉంటే ఈ దేశంలో దాని మీద ఎవరూ ప్రశ్న వేయరు.

ఒప్పుకోవడం లేదంటే రెండు పనులు, రెండూ 30 రోజుల్లోపే ఆలోచించాలి. అక్కడ, ఎఫ్ఎల్-120 వేయకముందే, ఆ కోర్టుకి మా మీద అధికారం లేదని సర్వీసుని కొట్టేయమని పిటిషన్ వేయొచ్చు. ముందు జవాబు వేసేసి తర్వాత ఈ మాట అంటే వినరు. ఎప్పుడూ కాలిఫోర్నియాలో కాపురం చేయని భార్య మీద డబ్బు, ఆస్తి ఉత్తర్వులు ఇవ్వడం అక్కడి కోర్టుకీ కష్టమే, పెళ్లి రద్దు చేయడం మాత్రం చేయగలదు. ఇక్కడ, హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్‌కి 2003లో చేర్చిన మాట ప్రకారం భార్య తానున్న ఊళ్లోనే పిటిషన్ వేసుకోవచ్చు. పెళ్లి హైదరాబాద్‌లో, కాపురం శాన్ హోసేలో అయినా సరే, ఆమె ఉంటున్నది విజయవాడైతే విజయవాడ చాలు.

ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే, కానీ ఉచితం కాదు. అక్కడ ఉమ్మడి ఇల్లు, రిటైర్మెంట్ ఖాతా ఉంటే అవి మీరు లేకుండానే పంచేస్తారు.

సెల్ఫ్ హెల్ప్ సెంటర్ ఎంతవరకు

కాలిఫోర్నియా ప్రతి కౌంటీ కోర్టులోనూ సెల్ఫ్ హెల్ప్ సెంటర్ ఉంటుంది, ఫ్యామిలీ లా ఫెసిలిటేటర్ అనే ఆఫీసూ ఉంటుంది. డబ్బు తీసుకోరు. చాలా కౌంటీల్లో ఫోన్లో, వీడియోలో మాట్లాడతారు. ఏ ఫారం, ఏ గడి, ఎన్ని కాపీలు, ఎక్కడ దాఖలు అన్నవి ఓపిగ్గా చెబుతారు.

కానీ వాళ్లు మీ లాయరు కాదు. పొద్దున మీ అల్లుడికి పిటిషన్ నింపించిన మనిషే మధ్యాహ్నం మీకు జవాబు నింపించొచ్చు. మీరు చెప్పింది రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లకి లేదు. "జవాబు ఇవ్వమంటారా, వద్దంటారా" అంటే చెప్పరు. పైన రాసిన 1991 తీర్పు సంగతి చెప్పడం వాళ్ల పని కూడా కాదు. ఇక్కడి ప్లీడరుతో నిర్ణయం తీసుకుని, ఫారం కోసం మాత్రమే వాళ్ల దగ్గరికి వెళ్లండి.

జవాబు దాఖలు ఫీజు 435 నుంచి 450 డాలర్లు. ఆదాయం తక్కువైతే ఎఫ్‌డబ్ల్యు-001 తో మాఫీ అడగొచ్చు. నెల ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి రాయాలి. రూపాయల అంకె అలాగే వేస్తే నెలకి 25,000 డాలర్ల జీతగాళ్లయిపోతారు, మాఫీ రాదు. వాయిదాకి వీడియోలో హాజరవడానికి ఆర్‌ఎ-010, తెలుగు దుబాసీ కావాలంటే ఐఎన్‌టి-300. అక్కడ ఉదయం 8.30 వాయిదా అంటే మనకి వేసవిలో రాత్రి 9, శీతాకాలంలో రాత్రి 10. మార్చిలో, నవంబర్లో వాళ్ల గడియారాలు మారతాయి, మనవి మారవు. అక్టోబర్లో రాసుకున్న టైముతో డిసెంబర్లో కూర్చుంటే గంటసేపు ఖాళీ తెర చూస్తారు.

ఇక్కడి సాయం సంగతి కూడా. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలి. కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కమిటీలో అర్జీ ఇవ్వొచ్చు, 15100 కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఫ్యామిలీ కోర్టులో ప్లీడరు ఉండి తీరాలన్న నియమం లేదు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ చెప్పేదీ, ప్లీడర్ని పెట్టుకోవడం అక్కడ హక్కు కాదనే. ఆచరణలో అనుమతిస్తారు.

కాపీలు, పిన్నులు

కేసు అయిపోయాక చేతికొచ్చేది ఎఫ్ఎల్-180 తీర్పు, దానితో ఎఫ్ఎల్-190 నోటీసు. తీర్పు మొదటి పేజీలో పెళ్లి ఏ తేదీన రద్దవుతుందో ఒక గడి ఉంటుంది. జడ్జి సంతకం తేదీ అది కాదు. రెండూ వేరే తేదీలు కావొచ్చు. ఆ గడి ఖాళీగా ఉంటే డబ్బు, ఆస్తి సంగతే తేలిందేమో, పెళ్లి ఇంకా నడుస్తోందేమో చూసుకోవాలి.

ధ్రువీకరించిన కాపీ ఆ కౌంటీ కోర్టు క్లర్కే ఇవ్వాలి. విడాకుల రికార్డుకి 15 డాలర్లు. దాన్ని శాక్రమెంటోలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి పంపితే 20 డాలర్లకి అపోస్టిల్ చేస్తారు, అంటే క్లర్కు సంతకం, ముద్ర అసలువేనని వేరే దేశాల కోసం ఇచ్చే సర్టిఫికెట్. భారత్, అమెరికా రెండూ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. రంగు జిరాక్సు మీద అపోస్టిల్ వేయరు, క్లర్కు అసలు సంతకం, ముద్ర ఉండాలి. వచ్చాక మనవాళ్లు చేసే పని, స్కాన్ చేయడానికి పిన్ను పీకేయడం. పిన్ను ఊడిన అపోస్టిల్ అనుమానపు కాగితం, బెంచి క్లర్కు ముందు చూసేది ఆ రంధ్రాలే. మడిచి స్కాన్ చేసుకోండి, లేదా ఫొటో తీసుకోండి.

ఇంత చేసినా ఆ కాపీ డిక్రీ ఉందనే చూపిస్తుంది, చెల్లుతుందని కాదు. చెల్లుబాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ తేలుస్తుంది. పెళ్లి ఉందా, రద్దయిందా అని తేల్చమంటూ ఫ్యామిలీ కోర్టులో డిక్లరేషన్ అడగొచ్చు. భరణం డబ్బు వసూలుకైతే అమెరికా తీర్పుతో నేరుగా ఇక్కడ ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయలేరు, తీర్పులు అలా నేరుగా అమలు చేసే దేశాల జాబితాలో అమెరికా లేదు. ఆ తీర్పునే ఆధారంగా చూపి మూడేళ్లలోపు కొత్తగా దావా వేయాలి.

అక్కడున్న అబ్బాయి ఇక్కడ తండ్రికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చి నడిపించేటప్పుడు ఎక్కువగా పొరపాటు జరిగేది స్టాంపు దగ్గర. విదేశంలో రాసిన జీపీఏ మన దేశంలో చేతికందిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు చేయించాలి. కొరియర్ కవరు దాచమనేది అందుకే, చేతికందిన తేదీకి అదే రుజువు.

విజయవాడలో వచ్చిన విడాకుల డిక్రీని అమెరికా పంపాలంటే, హిందూ వివాహ చట్టం 23(4) ప్రకారం ఇద్దరికీ ఒక్కో కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఇంకా కావాలంటే కాపీ అర్జీ పెట్టాలి. అర్జీ పెట్టి ఇంటికొచ్చేస్తే కుదరదు. స్టాంపులు అడిగినట్టు నోటీసు బోర్డు మీద జాబితా పెడతారు, గడువులో కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు. కాపీ వెనక అర్జీ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా ఉంటాయి. అమరావతి నేలపాడులో ఉన్న హైకోర్టుకి అప్పీలు వెళ్లాల్సి వస్తే గడువులోంచి కాపీకి పట్టిన రోజులు తీసేస్తారు, మీరు స్టాంపులు కట్టకుండా ఆలస్యం చేసిన రోజులు మాత్రం తీసేయరు.

టెక్సస్ వాళ్లకి రెండు ముక్కలు. అక్కడ 30 రోజులు కాదు, సమన్లు అందాక 20 రోజులు గడిచి, ఆ తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 లోపు జవాబు. డల్లాస్‌లో ఉదయం 10 అంటే మనకి అదే రాత్రి 8.30, శీతాకాలంలో 9.30. ఎఫ్ఎల్-117 స్థానంలో వాళ్లు పంపేది వేవర్ ఆఫ్ సర్వీస్, నోటరీ ముందు సంతకం పెట్టమంటారు. గవర్నర్‌పేటలో నోటరీ దొరకడం కష్టమేమీ కాదు. వెళ్లే ముందు ఆ కాగితం ఒకసారి ప్లీడరుకి చూపించండి.